కుంచము మార్చి కొలువవచ్చునా?



మా యింట చిన్న టేకుపెట్టె యొకటి కలదు. మా నాయనమ్మగారు కాపురమునకు వచ్చునపుడు పుట్టింటినుండి తెచ్చుకొన్నది. అందులో నిప్పటికిని ముప్పదిరెండు వెండిరూపాయలు గుడ్డమూటలో నున్నవి. వానిలో పెక్కింటిపై ఐదవ జార్జి ప్రభువు తలయు, 1918, 1919 అను సంవత్సరములును గలవు. ఆమె వానిని ఖర్చుపెట్టలేదు. తరువాత మాకును మనసొప్పలేదు. ఆ మూటను విప్పినప్పుడెల్ల నాకొక దూరదేశపు ఎన్నిక జ్ఞప్తికి వచ్చును. అది 1896వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన అధ్యక్షుని యెన్నిక. మా నాయనమ్మ మూటకును ఆ యెన్నికకును గల సంబంధమును ప్రసంగాంతమున విన్నవింతును. ముందుగా, ఆ యెన్నికలో నొక అభ్యర్థి ప్రతిపాదించిన విధానములను పూర్వపద్ధతిని నమ్మిన ఓటరు ఏల కాదనెనో, ఆ కాదనుటలో న్యాయమెంతో, లోపమెంతో విచారింతము.

నా పక్షమేదో ముందే చెప్పుకొనుట మర్యాద. నేను పూర్వపద్ధతివాదిని. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి, ఇప్పుడు పింఛనుపై జీవించుచున్నాను. కనబడిన ప్రతి పాతగోడను పడగొట్టవలెనని తొందరపడువారిని చూచిన నాకు భయము. ఆ యెన్నికలో నాకు ఓటున్నచో బ్రయనుగారికి వేసియుండను. అయినను ఆయనను నిందించుటకు నేనిచ్చటికి రాలేదు. ఎదుటివాని మాటను సరిగా అప్పగింపలేనివాడు దానిని ఖండింపను తగడని మా గురువుగారు తర్కము చెప్పునపుడు మాకు బోధించిరి. పూర్వపక్షమును చక్కగా చెప్పిన పిదపనే సిద్ధాంతము. కావున మొదట బ్రయనుగారి మాట వినుడు.

విలియం జెన్నింగ్స్ బ్రయను నెబ్రాస్కా రాష్ట్రమువాడు, న్యాయవాది. అప్పటికి ముప్పదియారేండ్లవాడు. 1896 జూలై 9వ తేదీన షికాగో నగరమున డెమొక్రాటిక్ పక్షమువారి మహాసభలో ఆయన చేసిన ఉపన్యాసము ‘బంగారు శిలువ’ ఉపన్యాసమని పేరొందినది. మరునాడే ఆ పక్షము ఆయనను తన అభ్యర్థిగా నెన్నుకొన్నది. ఎదుటి రిపబ్లికన్ పక్షమువారి అభ్యర్థి విలియం మెకిన్లీ. ఆయన ఒహాయో రాష్ట్రమునకు గవర్నరుగా పనిచేసినవాడు.

అప్పటి రైతు గోడు ఎట్టిదన, 1873లో అమెరికా ప్రభుత్వము చేసిన నాణెముల చట్టము వెండి డాలరు ముద్రణమును విడిచిపెట్టినది. జర్మనీ మొదలగు దేశములును ఆ కాలముననే బంగారమును ప్రమాణముగా గైకొన్నవి. లోకమున పంటలు పెరిగినవి, రైలుదారులు పెరిగినవి, సరుకులు పెరిగినవి. వానిని కొలుచు బంగారము మాత్రము ఆ మేరకు పెరుగలేదు. అందుచే ధరలు ఇరువదియేండ్లపాటు దిగజారుచు వచ్చినవి. నూరు బస్తాల గోధుమ వెలకు సమానమైన సొమ్ము అప్పు తెచ్చిన రైతు, తీర్చునాటికి నూటయేబది బస్తాలు అమ్ముకొనవలసివచ్చె ననుకొనుడు. పత్రముపై అంకె మారలేదు. రైతు చెమట మాత్రము ఒకటిన్నర రెట్లయినది. 1893లో కొట్టిన ఆర్థికసంక్షోభమున బ్యాంకులు మూతపడి, పనివాండ్రు వీధులపాలైరి.

దీనికి బ్రయనుగారు చెప్పిన మందు ఒక్కటే. ఎవరు వెండి తెచ్చియిచ్చినను టంకసాలవారు హద్దులేక డాలర్లుగా ముద్రించి యీయవలెను. పదునారు తులముల వెండి ఒక తులము బంగారమునకు సమానమని చట్టము పలుకవలెను. ఇందులకు ఇతరదేశముల సమ్మతికై ఎదురుచూడ నక్కరలేదు. వెండి విరివియైన, నాణెము విరివియగును. నాణెము విరివియైన, పంటలకు ధర వచ్చును. ధర వచ్చిన, రైతు ఋణవిముక్తుడగును. ఇదియే ఆయన పథకము.

ఈ రైతుకష్టము నేను పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. మా తాతగారు 1927లో ఎడ్లకొరకును నూతికొరకును వేయి రూపాయలు అప్పు చేసిరి. ధాన్యము ధర బాగుగనున్న కాలమది. నాలుగు పంటలలో తీర్తునని ఆయన లెక్క. 1930 వచ్చునప్పటికి లోకమంతట ధరలు కూలినవి. మన ధాన్యము ధర సగమునకు వచ్చినది. పత్రము మీది వేయి వేయిగనే యుండెను, వడ్డీ తోడయ్యెను. చెరువు క్రింది రెండెకరముల మడి ఋణదాతకు వ్రాసియిచ్చి ఆయన ఆ పత్రమును చించివేయించుకొనిరి. ఆ మడి గట్టుమీదుగా నడచునపుడు మా తండ్రిగారు తలయెత్తి అటువైపు చూచెడివారు కారు. కావున బ్రయనుగారి వెంట నడచిన రైతును మూర్ఖుడని నేననజాలను. ఆయన రోగమును సరిగనే గుర్తించినాడు. నా ఆక్షేపణమంతయు మందును గూర్చియే.

మొదటి ఆక్షేపణము కొలతను గూర్చినది. మన పల్లెలలో ధాన్యము అప్పిచ్చిపుచ్చుకొనువారు ఏ కుంచముతో కొలిచియిచ్చిరో ఆ కుంచముతోనే కొలిచి తీర్చుకొనెడివారు. పంట చెడినచో గడువు పెంచుదురు; వడ్డీ తగ్గింతురు; మనసున్నవాడు కొంత మాఫీ చేయును. కాని కుంచము అడుగున మైనము పోసి కొలుచుట ఎంతటి పేదవానికిని తగదు. పూర్వుల రాజ్యతంత్రమున తూనికలకు పౌతవాధ్యక్షుడనియు, నాణెములకు లక్షణాధ్యక్షుడనియు వేర్వేరు అధికారులను కౌటిల్యుడు చెప్పినాడు. ప్రజలు ఒండొరులను నమ్ముటకు మొదట కొలతను నమ్మవలెను గదా!

1896లో వెండి సంతవెల చూడగా ఒక తులము బంగారమునకు సుమారు ముప్పది తులముల వెండి వచ్చుచుండెను. వెండి డాలరులోని వెండికి వెల సుమారు 53 సెంట్లు, అనగా సగమునకు కొంచె మెక్కువ. దానిని నిండు డాలరని చట్టముచేత పలికించుట కుంచమున మైనము పోయుటయే యని పూర్వపద్ధతివాది వాదించెను. సంతలో ముప్పదియైనది శాసనముచే పదునారు కాజాలదు. ఒక ధరకు రెండు లోహములను బలవంతముగ కట్టినచో, జనులు మంచిదానిని పెట్టెలో దాచి తక్కువదానిని అంగడిలో మార్తురు. బంగారము దేశము విడిచిపోవును, మిగులునది వెండియొక్కటే. రెండు లోహములు చెలామణి యగునన్న బ్రయనుగారి వాగ్దానము ఆ పద్ధతిలోనే నెరవేరదు.

ఇందుకు దృష్టాంతము వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఆ దృష్టాంతము మన దేశమే. 1893 వరకు మన టంకసాలలు ఎవరు వెండి తెచ్చినను రూపాయలు ముద్రించి యిచ్చుచుండెడివి. తులము బరువు, పండ్రెండుపాళ్లలో పదునొకండుపాళ్లు మేలి వెండి గల రూపాయ అది. 1870 ప్రాంతమున సుమారు రెండు షిల్లింగులు చేయుచుండిన ఆ రూపాయ, 1892-93 నాటికి షిల్లింగు మూడు పెన్నీల దరికి దిగజారినది. ఇంగ్లండునకు బంగారు నాణెములలో చెల్లింపవలసిన పద్దులు భారతప్రభుత్వమునకు ఏటేట బరువెక్కినవి. ఆ బరువు మోసినది మన రైతు. తుదకు హెర్షెల్ సంఘమువారి సలహాపై 1893 జూను 26వ తేదీన మన టంకసాలలను స్వేచ్ఛగా వెండి ముద్రించు పనినుండి మూసివేసిరి. ఆ వార్తతో లోకమున వెండి ధర మరియు పడిపోయినది. ఆ యేడే అమెరికావారును వెండి కొనుగోలు చట్టమును రద్దుచేసికొనిరి. మనము విడిచిన బాటను మూడేండ్లకు తా మెక్కుద మనుట వివేకమా యని పూర్వపద్ధతివాది అడిగెను. ఈ ప్రశ్నకు బ్రయనుగారి పక్షమున సరియైన సమాధానము నాకు కనబడలేదు.

రెండవ ఆక్షేపణము కూలిజనులను గూర్చినది. ఋణదాత యనగా పొట్టపెరిగిన షాహుకారని మాత్రమే బ్రయనుగారి సభలలో చిత్రించుచుండిరి. కాని సేవింగ్సు బ్యాంకులో నాలుగు డాలర్లు దాచుకొన్న దాసి ఋణదాతయే. జీవితబీమాకు సొమ్ము కట్టిన వడ్రంగి ఋణదాతయే. యుద్ధమున కాలు పోగొట్టుకొని పింఛను తినుచున్న ముదుసలి సిపాయి ఋణదాతయే. ధరలు పెరుగునపుడు కూలి వెంటనే పెరుగదు. గోధుమ ధర నేడు హెచ్చును, రొట్టె ధర రేపు హెచ్చును, కూలి మరు సంవత్సరమున హెచ్చును. నడుమ పస్తుండవలసినది కూలివాడు. బ్రయనుగారి పక్షమువాడే యైన బూర్క్ కాక్రన్ అను వక్త ఈ వాదము పట్టుకొని న్యూయార్కులో ఆయనకు ప్రత్యుత్తర మిచ్చెను. అప్పటి అధ్యక్షుడైన క్లీవ్లాండు సైతము డెమొక్రాటే. ఆయనయు వెండి పథకమునకు సమ్మతింపలేదు.

ఈ రెండవ ఆక్షేపణము నా మనసును మరింతగ తాకును. మా మాతామహులు మా అక్క పుట్టిన యేడు, 1958లో, ఆమె పెండ్లికని మూడువేల రూపాయలు వేరుగా దాచిరి. ఆ నాడు ఆ పైకముతో మా యూర ఒక యెకరము కొనవచ్చును. ఆయన భూమి కొనలేదు. ‘రూపాయ రూపాయయే’ యని నమ్మిరి. 1978లో పెండ్లినాడు ఆ సొమ్ము వడ్డీతో గూడ తీసిచూడగా పందిరికిని వంటలకును సరిపోయినది, నగలకు అప్పుచేసితిమి. ఎవరును దొంగిలింపలేదు, ఎవరును మోసగింపలేదు. మూటలోని అంకె చెక్కుచెదరలేదు. తాతగారు మాత్రము ఆ రాత్రి పందిటి గుంజకు చేరగిలి, ‘నేను లెక్క తప్పితినా?’ యని నన్నడిగిరి. లెక్కలు నేర్పుకొన్న నేను ఏమియు చెప్పలేకపోతిని.

ఒక తాతగారి మడి ధరలు పడుటచే పోయినది. ఇంకొక తాతగారి మూట ధరలు పెరుగుటచే కరగినది. ఒకే కుటుంబమున రెండు గాయములు. అందుచేతనే, ధరలు పెంచుటయే ధర్మమన్నవానిని గాని, తగ్గించుటయే ధర్మమన్నవానిని గాని నేను పూర్తిగ నమ్మను. కొలత నిలుకడగా నుండుటయే ధర్మమని నా విశ్వాసము.

మూడవ ఆక్షేపణము ఆయన మాటతీరును, న్యాయస్థానములయెడ ఆయన పక్షమువారి వైఖరిని గూర్చినది. పట్టణములు పల్లెలపై ఆధారపడి బ్రదుకుచున్న వనుట నిజమే. కాని పల్లెకును పట్టణమునకును పగపెట్టుట నాయకుని పని కాదు. క్రీస్తు శిలువను నాణెముల వివాదములోనికి తెచ్చుట భక్తులైన పలువురకు రుచింపలేదు. 1894లో చేసిన ఆదాయపుపన్ను చట్టమును 1895లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేయగా, బ్రయనుగారి పక్షము తన ప్రణాళికలో ఆ తీర్పును ఆక్షేపించి, ముందుముందు ఆ న్యాయస్థానము వేరు కూర్పుతో వేరుగ తీర్పు చెప్పవచ్చునను భావము సూచించినది. పూర్వపద్ధతివాది ఇది విని ఉలికిపడెను. తీర్పు నచ్చనిచో రాజ్యాంగమును సవరింపుడు. న్యాయమూర్తులను మార్చి తీర్పు మార్పించుకొను తలంపు వల దనెను. నిజమునకు ఆ పన్ను 1913లో రాజ్యాంగసవరణ ద్వారముననే వచ్చినది. కోరిక న్యాయమైనప్పుడు రాజమార్గము దానికి మూసికొనిపోదు. కొంత ఆలస్యమగును, అంతే.

ఇక మా పక్షపు తప్పులను దాచుట ధర్మము కాదు. రైతు మొరను మావారు సోమరితనమనిరి, అప్పు ఎగవేయు నెత్తనిరి. ఇరువదియేండ్లు ధరలు పడినపుడు కుంచము అప్పటికే పెద్దదైనదని, ఋణదాతకు లాభముగ కొలత మారినదని ఒప్పుకొనలేదు. మైనము పోయుట తప్పైనచో, కుంచము అంచు పెంచుటయు తప్పే గదా! మెకిన్లీగారి పక్షమున హన్నా అను సంపన్నుడు సుమారు 35 లక్షల డాలర్లు చందాలు పోగుచేసి ఎన్నికలో గుమ్మరించెను. బ్రయను గెలిచినచో మరునాడు పనికి రానక్కరలేదని కొందరు యజమానులు కార్మికులను బెదిరించిరని ఆనాడే ఆరోపణలు వచ్చినవి. సత్పక్షమునకు ఇట్టి సాధనములు కళంకము.

బ్రయనుగారు రైళ్లపై సుమారు 18,000 మైళ్లు తిరిగి ఊరూర ప్రసంగించిరి. మెకిన్లీగారు క్యాంటన్ పట్టణమున తమ యింటి అరుగుపైనుండియే, తమ్ము చూడవచ్చిన లక్షలాది జనులతో మాటలాడిరి. నవంబరు 3వ తేదీన ఎన్నిక ముగిసినది. మెకిన్లీగారికి 71 లక్షల ఓట్లు, బ్రయనుగారికి 65 లక్షల ఓట్లు వచ్చినవి. అధ్యక్షుని తేల్చు ప్రతినిధుల ఓట్లలో 271 మెకిన్లీగారికి, 176 బ్రయనుగారికి పడినవి.

ఈ గెలుపున మనదేశమునకు గల పాలు విన్నచో మీరు నిట్టూర్తురు. వెండి ధరయు గోధుమ ధరయు జంటగ పడునని బ్రయనుగారి పక్షము చెప్పుచుండినది. ఎన్నికకు ముందటి నెలలలో వెండి లేవకుండగనే గోధుమ ధర లేచినది. ఆ వాదము బలహీనపడినది. గోధుమ ఏల లేచినది? కారణములలో నొకటి మన దేశమున వానలు కురియక పంట ఎండిపోవుట. 1896-97 కరవు అది. మన దత్తమండలములును, విశాఖ, గంజాము మండలములును ఆ కరవు వాత బడినవి. మన పొలము ఎండుట అచ్చట ఒక పక్షమునకు వాదబలమైనది. ఆ సంగతి తలచినపుడు మా పక్షపు విజయమును నేను గంతులువేసి చెప్పుకొనలేను.

తరువాతి కథయు చిత్రమైనది. దక్షిణాఫ్రికా గనులనుండియు, క్లాండైకు నదీప్రాంతమునుండియు బంగారము విరివిగ వచ్చినది. ముడిరాతినుండి బంగారమును తీయు క్రొత్త పద్ధతులును తోడైనవి. ధరలు మెల్లమెల్లగ లేచినవి. బ్రయనుగారు కోరిన ఫలము బ్రయనుగారు లేకుండగనే కొంతవరకు సిద్ధించినది. 1900లో బంగారు ప్రమాణము చట్టమయ్యెను. బ్రయనుగారు 1900లోను 1908లోను మరల పోటీచేసి ఓడిరి. ఆ బంగారు ప్రమాణమును శాశ్వతము కాలేదు. డాలరునకు బంగారమిచ్చు ఏర్పాటును 1971లో అమెరికా పూర్తిగ విడిచినది. మన రూపాయలోను 1940లో వెండి సగమునకు తగ్గినది, 1947లో నికెలు వచ్చినది.

మరి ఋణగ్రస్తుని గతి యేమి? అతనికి దారి లేదా? కలదు. మన ధర్మశాస్త్రకారులు వడ్డీ పెరిగి మొత్తము మూలధనమునకు రెట్టింపు మించరాదని యేనాడో హద్దుపెట్టిరి. 1938లో మదరాసు ప్రభుత్వము చేసిన రైతుఋణవిమోచన చట్టమున ఆ న్యాయమే క్రొత్తరూపమున కనబడినది: మూలధనమునకు రెట్టింపు చెల్లించిన పాతఋణము తీరినట్లే, 1932 అక్టోబరునకు పూర్వపు ఋణములపై నిలిచియున్న వడ్డీ రద్దు. ఇది కుంచమును ముట్టలేదు. బాధపడిన రైతును గుర్తించి, బహిరంగముగ, లెక్కకట్టి బరువు దించినది. దాసి మూటలోని నాలుగు కాసులను కరగింపలేదు. మా తాతగారి మడి అంతకు ముందే పోయినది గనుక మాకది ఉపకరింపలేదు. అయినను మార్గమదియే యని నా నమ్మకము. బ్రయనుగారు ఇట్టి మందు తెచ్చినచో, పూర్వపద్ధతివాదినైన నేనును ఆయన అరుగెక్కి వినియుందును.

ఇప్పుడు మా నాయనమ్మ మూట సంగతి. 1878, 1890 చట్టముల క్రింద వెండివారిని తృప్తిపరచుటకు అమెరికా ప్రభుత్వము కొనిన వెండి డాలర్లుగా మారి, చాలవరకు వారి ఖజానాలలో మూలుగుచుండెను. మొదటి ప్రపంచయుద్ధమున మన దేశమున వెండి రూపాయలకు కరవు వచ్చినది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టము చేసి, ఆ డాలర్లలో సుమారు 27 కోట్ల నాణెములు కరగించెను. అందులో పెద్దపాలు మన టంకసాలలకై బ్రిటిషువారికి అమ్మెను. ఏ వెండికొరకు బ్రయనుగారు గొంతెత్తి అరచిరో, ఆ వెండి సముద్రములు దాటి ఐదవ జార్జి తలతో మన సంతలకు వచ్చినది. మా నాయనమ్మ రూపాయలలో దాని రవ్వ యున్నదో లేదో నేను చెప్పజాలను. ఉండదని ప్రమాణము చేయనుజాలను.

పెద్దలారా, మీ యూరికి ఓటు అడుగవచ్చువారు నేడును మీ కష్టమును మీకంటె చక్కగ వర్ణింతురు. వర్ణనకు మెచ్చి చేయి యెత్తకుడు. మందు చెప్పుమనుడు. ఆ మందు ఖరీదు ఎవ్వరి పెట్టెనుండి వచ్చునో అడుగుడు. కొలతను ముట్టకుండ ఆ మేలు చేయవీలగునా యని అడుగుడు. ఇక నావంటి పాతకాలపువాడు వచ్చి, ఏమియు మార్పవలదని మీతో చెప్పినచో, మా తాతగారి చెరువు క్రింది మడి ఎవరిదైనదో అతనినే అడుగుడు. అతడు తలవంచుకొన్నచో కొంత నిజాయితీ గలవాడని నమ్మవచ్చును.